వలస నుంచి వాపసొచ్చినవాళ్ళకు కరువు పని: జాబ్ కార్డు, కొలతలు, కూలి

పల్లెబాట (2020 జూన్ 23):
మాది నారాయణపేట జిల్లా. లాక్‌డౌన్‌తో ముంబై, పుణె నుంచి చాలా కుటుంబాలు ఊరికి వాపసొచ్చాయి. కొందరికి జాబ్ కార్డే లేదు, కొందరి పేర్లు తల్లిదండ్రుల కార్డులో ఉన్నాయి. వలస కూలీల కోసం మొన్న ప్రధాని ప్రారంభించిన 125 రోజుల పని (గరీబ్ కళ్యాణ్ రోజ్‌గార్ అభియాన్) మనకూ వస్తుందా? ఇంకోటి, కరువు పనికి (ఉపాధి హామీకి) పోయేవాళ్ళకు రోజుకు 237 రూపాయలు అని చెప్పి 150 కూడా పడట్లేదు. ఎందుకు?

మస్టరు:
ఆ 125 రోజుల పథకం బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఝార్ఖండ్, ఒడిశాల్లోని 116 జిల్లాలకే. తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్క జిల్లా లేదు. పాలమూరు వలస ఢిల్లీకి కనబడలేదేమో! దానికోసం ఎదురుచూడకండి, మనకు ఉపాధి హామీయే దిక్కు.

కార్డు లేనివాళ్ళు తెల్ల కాగితం మీద రాసిచ్చినా చాలు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళు జతచేయండి. 15 రోజుల్లో కార్డు ఇవ్వాలి, ఫొటో ఖర్చు కూడా పథకానిదే. కార్డు వచ్చాక పని కావాలని మళ్ళీ విడిగా అడగాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అడిగినట్టు తేదీ వేసిన రసీదు తీసుకోండి. ఆ తేదీ నుంచి 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి రావాలి: మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, అంటే రోజుకు 59 రూపాయల పైచిలుకు, ఆ తర్వాత సగం. భృతి చేతికి రావడం అరుదే. కానీ రసీదు ఉంటే పని తొందరగా దొరుకుతుంది.

ఉపాధి హామీలో ఏడాదికి వంద రోజులు మనిషికి కాదు, కుటుంబానికి. ఒకే కార్డులో నలుగురు పనికి పోతే తలా 25 రోజులే. పెళ్ళై వేరు కాపురం పెట్టినవాళ్ళు వేరే కార్డు అడగాలి. కలిసి తినేవాళ్ళను, ఒకే రేషన్ కార్డులో ఉన్నవాళ్ళను చట్టం ఒకే కుటుంబంగా చూస్తుంది కాబట్టి రేషన్ కార్డు విడిపోకపోతే అడ్డు చెబుతారు. ముందు ఆ సంగతి పంచాయతీ కార్యదర్శితో తేల్చుకోండి. ఊళ్ళో ఈ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేశాక మస్టర్లు (హాజరు పట్టీలు) కూడా ఆయన నెత్తినే పడ్డాయి.

టేపు-గడ్డపార:
కూలి సంగతి నేను చెబుతా. 237 అనేది హాజరు వేస్తే వచ్చేది కాదు, కొలత ప్రకారం పని అయితే వచ్చేది. ఉదాహరణకు 20 మంది గుంపు ఆరు రోజులు చేస్తే 120 పనిదినాలు. అందరికీ 237 పడాలంటే తవ్విన మట్టి విలువ 28,440 రావాలి. 18,000 వస్తే తలా 150. ఇక రానివాళ్ళ పేర్లు నాలుగు మస్టరులో ఎక్కాయనుకోండి, అదే 18,000ని 144తో భాగిస్తారు, 125కి దిగుతుంది. దొంగ హాజరు సర్కారుకే నష్టమనుకుంటారు గానీ పక్కన తవ్వేవాడి కూలే పోతుంది.

రెండోది నేల రకం. అంచనాలో మెత్తటి మట్టి అని రాసి, అడుగు లోతుకే మొరం తగిలితే గిట్టదు. తవ్వుతుండగానే కొలతలు తీసే టెక్నికల్ అసిస్టెంట్‌ను పిలిచి చూపించండి, గుంత పూర్తయ్యాక అడిగితే ఎవరూ మార్చరు. నీటి కుంటలో పాత నేల మట్టం తెలిసేలా మధ్యలో ఒక మట్టి దిమ్మ వదలాలి. వాన పడితే కందకాల గట్లు జారి లోతు తగ్గుతుంది, కొలతలు వారం దాటనివ్వకండి. ఎండల్లో పనికి కొలత కూలి మీద అదనంగా కలిపే వేసవి భత్యం జూన్‌లో 20 శాతం ఉంది, జూలై నుంచి ఉండదు. కూలి ఇంకా తగ్గినట్టు కనిపిస్తుంది.

పల్లెబాట:
కొందరికి పైసలు పడ్డట్టు కంప్యూటర్‌లో ఉంది, ఖాతాలో లేవు. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళు అడగొచ్చా?

మస్టరు:
అడగొచ్చు, నోటిమాటగా అడిగినా చెల్లుతుంది. ఇంట్లోవాళ్ళతో కాగితం పంపితే రసీదు దొరుకుతుంది. పనికి పోయేది, మస్టరులో పేరు ఎక్కేది మాత్రం క్వారంటైన్ గడువు ముగిశాకే.

పైసల విషయంలో మొదట ముంబై ఖాతా చూడమనండి. ఆధార్ ఆధారంగా చెల్లిస్తే, ఆధార్ చివరగా ఏ ఖాతాకు ముడిపడిందో అందులోనే పడతాయి. అక్కడా లేకపోతే చెల్లింపు వెనక్కి పోయి ఉంటుంది. మండల ఆఫీసులో పే ఆర్డర్ నంబరు చూపి కారణం అడగండి. ఖాతా మూతపడిందా, పేరులో తేడా ఉందా తేలితే సరిదిద్ది మళ్ళీ పంపుతారు. మస్టరు ముగిసిన 15 రోజులకు మించితే రోజుకు 0.05 శాతం పరిహారం ఉంది, తక్కువే అయినా అడగండి.

టేపు-గడ్డపార:
వాపసొచ్చినవాళ్ళలో తాపీమేస్త్రీలుంటే కందకాలకు పంపకండి. నైపుణ్యం ఉన్నవాళ్ళ కూలి మామూలు కూలి పద్దులోంచి కాదు, పథకం ఖర్చులో సామగ్రి వాటా 40 శాతంలోంచి వస్తుంది. వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), కల్లాలు (ధాన్యం ఆరబెట్టే గచ్చులు) లాంటి కట్టుబడి పనులు ఊళ్ళో మంజూరయ్యాయేమో పంచాయతీలో అడగండి.