గడ్డి మిషను, రంపం మిషను నెలల తరబడి మూలన పెట్టాలంటే ఎట్టా పెట్టాల?

పొదలకూరు నిమ్మతోట:
అందరికీ నమస్తే. మాది పొదలకూరు కాడ నాలుగెకరాల నిమ్మతోట. నా దగ్గర ఒక టూ స్ట్రోక్ బ్రష్ కట్టరు, ఒక చిన్న చైన్ సా ఉండాయి. మాకు గడ్డి పనంతా అక్టోబరు నించి సంక్రాంతి దాకానే కదా, ఆ తుఫాను వానలకి పాదుల్లో గడ్డి మోకాలెత్తు లేస్తది, ఎండలు మొదలైతే మిషన్ని మోటారు షెడ్డులో స్టార్టరు డబ్బా కింద పడేస్తా, మళ్లీ వానలు పడేదాకా దాని మొహం చూడను. పోయినేడు అట్టానే పెట్టి అక్టోబర్లో తీస్తే, తాడు లాగీ లాగీ నా భుజం పోయింది గానీ అది కనీసం దగ్గను కూడా దగ్గలా. మెకానిక్ కాడికి తీసకపోతే కార్బొరేటరు పోయిందన్నాడు, కొత్తది ఏసి పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. నెల తిరక్కముందే మళ్లీ అదే రోగం. చైన్ సా గొలుసు చూస్తే బెల్లం రంగు తుప్పు. ఇంట్లో ఇద్దరు పిల్లకాయలు ఉండారు, షెడ్డులోకి దూరతానే ఉంటారు, అదొక భయం. ఈసారి పని అయిపోయింది, లోపల పెట్టేముందు ఏమేం చెయ్యాలో తెలిసినోళ్లు చెప్పండి. పెట్రోలు క్యాను కూడా ఆ షెడ్డులోనే పెడతా.

కందుకూరు మెకానిక్:
అన్నా ముందు ఒకటి చెప్పు, కొత్త కార్బొరేటరు ఏసినాక పోసిన పెట్రోలు యాడిది? బంకు కాడ కొత్తగా పట్టిందా, పాత క్యానులోదా?

పొదలకూరు నిమ్మతోట:
పాత క్యానే. ఆయిలు కలిపింది రెండు లీటర్లు మిగిలుంటే ఎందుకు పారబోయాలని అదే పోశా.

కందుకూరు మెకానిక్:
అదీ సంగతి. కార్బొరేటరు పాపం ఏం చేస్తది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటది, అది గాల్లో తేమని లాక్కుంటది, తేమ ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ కలిసి అడుక్కి దిగతాయి, నువ్వు కలిపిన 2టీ ఆయిలు మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతది. ట్యాంకులో పైపు పీల్చేది అడుగునించే కదా, అంటే ఇంజనుకి పోయేది ఆయిలు లేని సరుకు. స్టార్ట్ కాకపోవడం నీ అదృష్టం అనుకో, అయ్యుంటే పిస్టను గీసకపోయేది. ఇంకోటి, ట్యాంకులో మిగిలిన పెట్రోలు నెలల తరబడి ఆవిరై జిగురుగా మారి కార్బొరేటర్లో సన్న బెజ్జాల్ని మూసేస్తది, లోపల డయాఫ్రం అని పల్చటి పొర ఉంటది, అది అట్టలాగా బిర్రుబడిపోతది. చాలాసార్లు ఆ పొరల కిట్టు మారిస్తే సరిపోతది, మొత్తం కార్బొరేటరే మార్చక్కర్లా. (నేనూ మెకానిక్కునే, మా వాళ్ల సంగతి నాకు తెలుసులే.)

పెట్టేముందు ట్యాంకు ఖాళీ చెయ్యి, తర్వాత స్టార్ట్ చేసి దానంతటది ఆగిపోయేదాకా నడవనీ. చల్లారినాక ప్లగ్గు ఇప్పి ఆ బొక్కలో అర చెంచా 2టీ ఆయిలు పోసి తాడు మెల్లిగా రెండుసార్లు లాగి ప్లగ్గు బిగించు, పైన కరెంటు తీగ చివరుండే ప్లగ్గు క్యాపు మాత్రం తగిలించొద్దు, దాన్ని పక్కకి లాగి తాడుతో కట్టెయ్. క్యాపు లేకపోతే పిల్లకాయలు ఎంత లాగినా స్టార్ట్ కాదు. ఎయిర్ ఫిల్టరు స్పాంజిదైతే సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టి పెట్టు. బ్లేడు దగ్గరుండే గేరు డబ్బాకి పక్కన ఒక స్క్రూ ఉంటది, అది తీసి గ్రీజు ఉందో లేదో చూడు, మా షాపుకి వచ్చేవాటిల్లో సగం అక్కడ ఎండిపోయి వస్తాయి. ఆయిలు కొలత మిషను పుస్తకంలో చూడు, 1:25 అంటే లీటరుకి 40 మిల్లీ, 1:50 అంటే 20 మిల్లీ. మోటారు సైకిలుకి పోసే ఇంజనాయిలు కలపబాక.

కొత్తపట్నం సరుగుడు:
గొలుసు తుప్పు సంగతి నేను చెప్తా, మాది సముద్రం ఒడ్డు, ఉప్పు గాలికి ఇనుము ఏదైనా వారంలో ఎర్రబడతది. నేను సరుగుడు కొమ్మలు కొట్టినాక రంపం సైడు కవరు ఇప్పి, బారు (గొలుసు తిరిగే పొడుగు ఇనప పట్టీ) తీసి, బారు గాడిలో ఇరుక్కున్న పొట్టుని పాత హాక్సా బ్లేడు ముక్కతో గీకతా, ఆయిలు వచ్చే బొక్క కూడా. ఆ పొట్టు ఆయిలుతో కలిసి చలివిడి ముద్దలాగా ఉంటది, అది ఉంటే గొలుసుకి ఆయిలు అందదు. తర్వాత గొలుసుకి ఆయిలు పట్టించి కవరు తొడిగి మేకుకి తగిలిస్తా. బండి నించి తీసేసిన వాడిన ఇంజనాయిలు పోసేవాళ్లు ఉండారు, వద్దు, అందులో ఇనప పొడి ఉంటది, అదే బారుని తినేస్తది. పని అయినాక వేడి మీద గొలుసు బిగింపు కాస్త వదలాల, చల్లారితే కుంచించుకుని బారుని పట్టేస్తది. గోనెసంచి చుట్టబాక, తేమ పట్టి గోనె ఉన్నకాడల్లా తుప్పు తేలతది, నేను చుట్టి చూసినోణ్ణే.
ఇంకోటి మర్చిపోయా, సైలెన్సరు బొక్కలో గుడ్డ పెట్టు, తీసేటప్పుడు గుర్తుగా ఎర్ర గుడ్డ అయితే మంచిది. మాకు ఒకసారి కందిరీగ అందులో మట్టిగూడు కట్టింది, మిషను ఎందుకు ఊపిరాడనట్టు కొట్టుకుంటందో రెండ్రోజులు తెలవలా.

నెల్లూరు నించి ఒకణ్ణి:
క్యాపు మాట పిల్లకాయలకే కాదు మనకీ వర్తిస్తది. మా బావ బ్లేడుకి చుట్టుకున్న గడ్డి పీకతా ఉండగా మిషను ఆపలా, రేసు తగ్గించి కింద పెట్టాడంతే. క్లచ్చి స్ప్రింగు తెగుండాదని ఎవరికి తెలుసు, బ్లేడు తిరిగింది. బొటనేలికి ఏడు కుట్లు పడ్డాయి, సంక్రాంతి పండగ ఆసుపత్రిలోనే అయింది. అప్పట్నించి మా ఇంట్లో ఎవరైనా బ్లేడు మీద చెయ్యి పెట్టాలంటే ముందు క్యాపు ఊడబెరకాల్సిందే. బ్లేడు నట్టు చాలా మిషన్లకి ఎడమ మర, మామూలు వైపు తిప్పి బలం పెడితే ఇంకా బిగుసుకుంటది. బ్లేడులో పగులు కనిపిస్తే పారెయ్యండి, వెల్డింగు పెట్టించొద్దు.
అన్నట్టు స్టార్టరు డబ్బా ఉన్న షెడ్డులోనే పెట్రోలు క్యాను అన్నావు, అదేంది సామీ! మోటారు ఆన్ చేసినప్పుడల్లా లోపల కాంటాక్టు నిప్పురవ్వ కొడతది, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీదే నిలబడతది. ఈ రాత్రికే తీసి బయట పెట్టు.

మాగుంట లేఔట్ తోట:
మాది చిన్న ఇంటి తోట, బ్యాటరీ ట్రిమ్మరు. బ్యాటరీని నిండా చార్జ్ చేసి దాచొద్దు, పూర్తిగా దిగనివ్వనూ వద్దు, సగంలో ఆపి ఇంట్లో పెట్టుకోవాలి, రేకుల షెడ్డులో అయితే రోహిణీ కార్తె ఎండకి దాని పని అయిపోతది. నైలాను తీగ ఎండి పెళుసు అయి తెగతా ఉంటే ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టండి, మెత్తబడతది.

పొదలకూరు నిమ్మతోట:
అందరికీ దండాలు. క్యాను నిన్న రాత్రే చింతచెట్టు కాడికి మార్చా. పొద్దున అందులో అడుగున మిగిలింది ఒక సోడా సీసాలోకి వంచి ఎండకి పట్టుకు చూస్తే కందుకూరు అన్న చెప్పినట్టే పైన ఆయిలు రంగు, కింద రెండు వేళ్ల మందాన మబ్బుగా ఇంకో పొర, మా పెద్దోడు చూసి బాదంపాలా నానా అని అడిగాడు. వెంటనే లాక్కుని పైన పెట్టా, సీసాలో పోయడం కూడా తప్పే అని అప్పుడు తెలిసింది. ట్యాంకు ఖాళీ చేశా, గేరు డబ్బా స్క్రూ ఇప్పితే లోపల గ్రీజు బదులు ఎండిన మట్టి లాంటిది వచ్చింది. ఈ పాత పెట్రోలు ఇప్పుడేం చెయ్యాల?

కందుకూరు మెకానిక్:
కాలవలో పొయ్యబాక, పొయ్యి ముట్టించబాక. సోడా సీసాలోది కూడా మూత గట్టిగా ఉన్న క్యానులోనే పోసి మీద పాత పెట్రోలు అని రాసి ఎప్పుడన్నా ఇటొచ్చినప్పుడు తీసకరా, నట్లూ బోల్టులూ కడుక్కోడానికి మాకు పనికొస్తది. వచ్చేటప్పుడు ఆ మార్చిన పాత కార్బొరేటరు ఉంటే అది కూడా తీసకరా, చూద్దాం.