రేంజర్స్ ఈసారి ఎన్ని గెలుస్తారంటారు? బేస్‌బాల్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

డల్లాస్‌లో ఉంటున్నాను. మా ఆఫీసులో ఒక పందెం. 2025 సీజన్‌లో టెక్సాస్ రేంజర్స్ 162 మ్యాచ్‌ల్లో ఎన్ని గెలుస్తారో, మార్చి 27న మొదటి మ్యాచ్ పడేలోపు చీటీ మీద రాసివ్వాలి. అందరికన్నా దూరంగా రాసినవాడు టీమ్ మొత్తానికి బిర్యానీ పెట్టాలి. నాకేమో క్రికెట్ తప్ప ఇంకోటి రాదు.

2023లో కప్పు కొట్టిన జట్టు, పోయినేడాది 78 దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు ఫస్ట్ బేస్‌లో ఆడే నథానియల్ లో (Lowe) అనే అతన్ని వాషింగ్టన్‌కి ఇచ్చేసి, రాబర్ట్ గార్సియా అనే ఎడమచేతి బౌలర్‌ని తెచ్చుకున్నారు. బౌలర్ అంటే నవ్వుతారు, పిచర్ అనాలట. మయామీ నుంచి జేక్ బర్గర్ వచ్చాడు, జాక్ పీడర్సన్ కూడా చేరాడు. బ్యాటింగ్ గట్టిపడినట్టే ఉంది. నా టెన్షన్ అంతా పిచర్ జేకబ్ డిగ్రామ్ గురించే. 2023లో మోచేతికి ఆపరేషన్ అయ్యాక, పోయిన సెప్టెంబరులో మూడంటే మూడు మ్యాచ్‌లు ఆడాడు. 36 ఏళ్ల మనిషి, సీజనంతా నిలబడతాడా?

ఇంకో డౌట్. జట్టులో 26 మందే అంటారు, మళ్లీ 40 మంది జాబితా అంటారు. ఫలానా కుర్రాడికి "ఆప్షన్లు మిగిలున్నాయి, కింది లీగ్‌కి పంపేస్తారు" అంటాడు మా టీమ్ లీడ్. ఏమిటా ఆప్షన్లు? ఐపీఎల్ లెక్కలో చెబితే వెంటనే బుర్రకెక్కుతుంది.

ప్రస్తుతానికి 85 రాద్దామనుకుంటున్నా. మరీ ఎక్కువా?