సౌండ్ ఐకాన్ మాయమైతే ప్యానెల్ మొత్తం రీసెట్ చెయ్యమనడం కరెక్టేనా?

కడప_మింట్:
చాన్నాళ్ళుగా ఇది చర్చకి పెడదామనుకుంటున్నా. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి "కింద ప్యానెల్‌లో సౌండ్ గుర్తు పోయింది, ఎలా తెచ్చుకోవాలి" అని అడగ్గానే మొదటి జవాబే "ప్యానెల్ రీసెట్ కొట్టెయ్" అని వస్తోంది, అంటే స్క్రీన్ అంచున ఉండే ఆ పట్టీ సెట్టింగులన్నీ చెరిపి మొదట్లోలా చెయ్యమని. మొన్న ఒక పెద్దాయన అడిగారు, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ (విండోస్ బదులు వేసుకునే సిస్టమ్), అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్. ఎవరో హోం ఫోల్డర్‌లో దాగున్న ప్యానెల్ సెట్టింగుల (కాన్ఫిగ్) ఫోల్డర్ డిలీట్ చేసి లాగౌట్ అవ్వమన్నారు, ఆయన చేశారు, ఐకాన్ వచ్చింది. దాంతోపాటు ఆయన ఇన్నాళ్ళూ పెట్టుకున్న లాంచర్లు (ప్రోగ్రాములు తెరిచే బటన్లు), పెద్దగా కనపడాలని మార్చుకున్న గడియారం ఫాంటు, ప్యానెల్ ఎత్తు అన్నీ పోయాయి. చూపు సరిగా ఆనని మనిషికి అది చిన్న నష్టం కాదు.

నేననేది ఏంటంటే, ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ ఐకాన్ ప్యానెల్‌కి తగిలించే ఒక చిన్న ప్లగిన్, దాని పేరు పల్స్‌ఆడియో ప్లగిన్, అంతే. అది పోయినంత మాత్రాన సౌండ్ పోయినట్టు కాదు. ఫైర్‌ఫాక్స్‌లో ఏదో ఒక వీడియో పెట్టి చూస్తే వినపడుతూనే ఉంటుంది. అలాంటప్పుడు ప్యానెల్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్, అందులో ప్యానెల్, ఆ తర్వాత యాడ్ న్యూ ఐటమ్స్, వచ్చిన లిస్టులో పైన సెర్చ్ డబ్బాలో పల్స్ అని కొడితే కనపడుతుంది, యాడ్ నొక్కితే అయిపోయింది. ఎక్కడో చివర్న వచ్చి కూర్చుంటే దాని మీద రైట్ క్లిక్ చేసి మూవ్ అని గడియారం పక్కకి లాక్కోవచ్చు. లిస్టులోనే లేకపోతే ఆ ప్యాకేజీ తీసేసి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ4 పల్స్‌ఆడియో ప్లగిన్ అని వెతికి ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఇంకోటి, అసలు అది ఎలా పోతుందో ఎవరూ అడగట్లేదు. ప్లగిన్ ఒక్కోసారి క్రాష్ అవుతుంది, మొదటిసారి ప్యానెలే దాన్ని మళ్ళీ లేపుతుంది, ఒక్క నిమిషంలోపు మళ్ళీ పడిపోతే అప్పుడు ఒక చిన్న డబ్బా వచ్చి మళ్ళీ నడపమంటావా తీసేయమంటావా అని అడుగుతుంది. మనలో చాలామంది ఏ డబ్బా వచ్చినా చదవకుండా ఏదో ఒకటి నొక్కేసే రకం, రిమూవ్ మీద పడిందంటే అది శాశ్వతంగా పోయినట్టే, రీస్టార్ట్ చేసినా రాదు. ఇలా పోయిందానికి మొత్తం రీసెట్ చెయ్యడం, బల్బు మాడిందని ఇంటి వైరింగంతా పీకేసినట్టు ఉంటుంది. మీరేమంటారు?

ఫోన్_సపోర్ట్:
బ్రదర్ మీరు చెప్పింది పుస్తకంలో కరెక్టే కానీ ఫోన్లో చెప్పి చూడండి. మా నాన్న ఊళ్ళో, నేను పుణెలో. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతోందని నేనే పట్టుబట్టి ఆయన మెషిన్‌లో మింట్ వేశా, లేకపోతే మంచి మెషిన్ అటక మీదకెక్కేది. ఇప్పుడు ఐకాన్ పోయిందని ఫోన్ చేస్తే "ప్యానెల్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్" అంటాను. ఖాళీ చోటు ఎక్కడుంది? తెరిచిన విండోల బటన్లే ప్యానెల్ నిండా ఉంటాయి, ఆయన వాటి మీద నొక్కితే క్లోజ్, మినిమైజ్ అని వేరే మెనూ వస్తుంది, ఇద్దరం తలోటి చూస్తూ అరగంట మాట్లాడుకుంటాం. అదే రీసెట్ అనుకోండి, ముందే డెస్క్‌టాప్ మీద ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టి ఉంచా, "అది డబుల్ క్లిక్ చెయ్ నాన్నా" అంటే పనైపోతుంది. ఆయన ప్యానెల్‌లో ఏమీ మార్చుకోలేదు, పోయేది ఏమీ లేదు. ఎవరికి ఏది పోతుందో చూసి చెప్పాలి కానీ రీసెట్ అంటేనే తప్పు అన్నట్టు రాయకండి.

పాత_ఉబుంటు:
ఈ గొడవ కొత్తది కాదు తమ్ముళ్ళూ. 2010లో ఉబుంటు (ఇదీ మింట్ లాంటి లినక్సే) 10.04 వచ్చినప్పుడు సరిగ్గా ఇదే. అప్పుడు ఉన్నది గ్నోమ్ 2 అనే డెస్క్‌టాప్ ప్యానెల్, అంతకుముందు సౌండ్ గుర్తు నోటిఫికేషన్ ఏరియాలో ఉండేది, 10.04లో దాన్ని తీసుకెళ్ళి ఇండికేటర్ ఆప్లెట్ (ప్యానెల్‌లో పెట్టుకునే చిన్న ప్రోగ్రామ్) అనే దాంట్లో మెయిల్ కవరు గుర్తు పక్కన పెట్టారు. జనానికి ఆ కవరు అక్కర్లేదు, రైట్ క్లిక్ చేసి రిమూవ్ అన్నారు, కవరుతో పాటు వాల్యూమ్ కూడా పోయింది. రెండూ ఒకే ఆప్లెట్ అని చూసేవాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి, బయటికి రెండు వేర్వేరు బొమ్మలు కదా.

అప్పుడు కూడా ప్యానెల్ సెట్టింగులన్నీ చెరిపేయమని సలహాలు తెగ తిరిగాయి. నిజానికి ఇండికేటర్ ఆప్లెట్‌ని యాడ్ టు ప్యానెల్‌లోంచి మళ్ళీ పెట్టుకుంటే చాలు, కవరు వద్దనుకున్నవాళ్ళు ఆ మెసేజ్‌ల ఇండికేటర్ ప్యాకేజీ ఒక్కటీ తీసేసుకోవచ్చు. గ్నోమ్ 2 నుంచి పుట్టిన మాటే (MATE) డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి ఆ పాత వాసన ఇప్పటికీ ఉంది, నోటిఫికేషన్ ఏరియా తీసేస్తే అందులో ఉన్నవన్నీ కలిపి పోతాయి. అందుకే నేను కడప తమ్ముడి పక్షం. ముందు "సౌండ్ ఒక్కటే పోయిందా, దాని పక్కన వైఫై గుర్తు కూడా పోయిందా" అని అడగాలి. రెండూ పోతే ట్రే (ఆ నోటిఫికేషన్ ఏరియానే) మొత్తం పోయినట్టు, ఒక్కటే పోతే ఆ ఒక్కటే వెతకాలి.

కడప_మింట్:
@ఫోన్_సపోర్ట్ మీ నాన్నగారి సంగతి వేరు, మీకు ఆయన మెషిన్ లోపలా బయటా తెలుసు, ఆ స్క్రిప్ట్ మీరే రాశారు. నా బాధ తెలియని మనిషికి తెలియని మనిషి ఇచ్చే సలహా గురించి. పైగా రీసెట్ అనుకున్నంత సులువు కూడా కాదు. ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ అనే సర్వీసు ఆ సెట్టింగులన్నీ మెమరీలో పెట్టుకుని నడుస్తుంటుంది, అది నడుస్తుండగా ఫైల్ డిలీట్ చేస్తే పాతవే మళ్ళీ రాసేసే ఛాన్స్ ఉంది. ముందు ప్యానెల్‌ని ఆపి, తర్వాత ఆ సర్వీసుని ఆపి, అప్పుడు ఫైల్ తీసి, మళ్ళీ ప్యానెల్ మొదలెట్టాలి. ఈ వరుస చెప్పకుండా ఉత్తినే డిలీట్ చెయ్యమంటే, వాళ్ళు చేసి, రాలేదని మళ్ళీ వస్తారు, ఈసారి ఇంకా పెద్ద కమాండ్ ఇస్తారు, చివరికి అన్ని ప్రోగ్రాముల సెట్టింగులూ ఉండే మొత్తం కాన్ఫిగ్ ఫోల్డర్ తీసెయ్యమనేదాకా వెళ్తుంది. ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డులు ఇన్నాళ్ళూ వేరే చోట ఉండేవి కాబట్టి బతికిపోయారు, క్రోమియం బ్రౌజర్ వాడేవాళ్ళ ప్రొఫైల్ ఉండేది ఆ ఫోల్డర్‌లోనే, అది పోతే బుక్‌మార్కులతో సహా పోతాయి.

ఇంకో విషయం చెప్పడం మరిచా. కీబోర్డు మీద వాల్యూమ్ పెంచే తగ్గించే బటన్లని పట్టుకునేది కూడా ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ ప్లగినే, దాని సెట్టింగుల్లో ఆ టిక్కు ఉంటుంది. ప్లగిన్ పోతే బటన్లు కూడా పనిచెయ్యవు, దాంతో మనిషి సౌండ్ కార్డే పోయిందనుకుంటాడు. ప్లగిన్ పెట్టగానే రెండూ ఒకేసారి వచ్చేస్తాయి.

ల్యాబ్_మేడమ్:
నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను, మా దగ్గర అన్నీ ఎక్స్‌ఎఫ్‌సీఈ సిస్టమ్‌లే. పిల్లలు రోజూ ఏదో ఒకటి తీసేస్తారు, కావాలని కాదు, రైట్ క్లిక్ అలవాటు. మీరందరూ పోయాక ఎలా తేవాలో మాట్లాడుతున్నారు, నన్నడిగితే అసలు పోనివ్వకుండా చెయ్యడమే సరైన దారి. ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లో లాక్ ప్యానెల్ అని ఉంటుంది, చాలామంది అది పెడితే చాలనుకుంటారు, అది ప్యానెల్ అటూ ఇటూ జరగకుండా మాత్రమే ఆపుతుంది, ఐటమ్ రిమూవ్ చెయ్యడాన్ని ఆపదు. నిజంగా ఆపాలంటే సిస్టమ్ మొత్తానికి సెట్టింగులుండే ఈటీసీ కింద ఎక్స్‌డీజీ ఫోల్డర్‌లో ప్యానెల్ ఎక్స్‌ఎమ్ఎల్ ఫైల్ పెట్టి, దాని పై లైన్‌లో ఛానెల్‌ని అందరికీ లాక్ చేసి, రూట్‌కి (అడ్మిన్ ఖాతాకి) మాత్రం అన్‌లాక్ అని రాయాలి. అప్పుడు విద్యార్థులు ప్యానెల్‌లో ఏమీ మార్చలేరు.

నాకైతే డిస్ట్రోలు (మింట్, ఉబుంటు లాంటి లినక్స్ రకాలు) చేసేవాళ్ళు కనీసం సౌండ్, నెట్‌వర్క్, గడియారం ఈ మూడింటినైనా అంత తేలిగ్గా పోనివ్వకుండా ఇవ్వాలనిపిస్తుంది.

పాత_ఉబుంటు:
@ల్యాబ్_మేడమ్ ల్యాబ్ వరకు మీరన్నది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా మేడమ్. ఇళ్ళల్లో మాత్రం వద్దు. గ్నోమ్ 3 వచ్చినప్పుడు, 2011లో, పైన పట్టీలో మనం ఏదీ కదపలేకుండా చేశారు, సౌండ్ గుర్తు ఎప్పటికీ పోదు నిజమే, కానీ మాలాంటి వాళ్ళం చాలామంది మాటేకి, ఎక్స్‌ఎఫ్‌సీఈకి వలస వచ్చింది ఆ స్వేచ్ఛ కోసమే కదా. తీసేసుకునే హక్కు ఉంటే పోగొట్టుకునే అవకాశమూ ఉంటుంది, దానికి మందు లాక్ కాదు, తిరిగి పెట్టుకోవడం సులువుగా ఉండటం.

డెబియన్_వాడుకరి:
ఒక్క మాట. అందరూ ఐకాన్ గురించే మాట్లాడుతున్నారు, ఐకాన్ ఉండి కూడా పనిచెయ్యని కేసులు కలిపేయకండి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆడియో సర్వర్ (వెనకాల సౌండ్ నడిపే ప్రోగ్రామ్) పడిపోతే ఐకాన్ మాయమవ్వదు, మ్యూట్ గుర్తులా మారుతుంది, మౌస్ దాని మీద పెడితే పల్స్‌ఆడియో సర్వర్‌కి కనెక్ట్ అవ్వలేదు అని వస్తుంది. అది చూశారంటే ప్యానెల్ జోలికే వెళ్ళక్కర్లేదు. పేరు పల్స్‌ఆడియో అని ఉన్నా ఇప్పుడు కింద నడిచేది చాలాచోట్ల పైప్‌వైర్ అనే కొత్త ఆడియో సర్వర్, ఫెడోరా లినక్స్‌లో 2021లో వచ్చిన వెర్షన్ 34 నుంచి, ఉబుంటులో 22.10 నుంచి, మింట్‌లో 22 నుంచి అదే డీఫాల్ట్. పైప్‌వైర్, పైప్‌వైర్ పల్స్, వైర్‌ప్లంబర్ ఈ మూడు యూజర్ సర్వీసులని రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది, సూడో (అడ్మిన్ అధికారంతో నడపడం) కూడా అక్కర్లేదు, అసలు సూడోతో చెయ్యకూడదు.

పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగుల ప్రోగ్రామ్ తెరిచి అవుట్‌పుట్ ట్యాబ్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని ఒక్కటే ఉంటే అది ఇంకా కింది సమస్య, కార్డే దొరకలేదని అర్థం. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సౌండ్ చిప్‌కి కావాల్సిన సోఫ్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేక ఇలా అవుతుంటుంది. దీనికి ప్యానెల్ రీసెట్ చేయిస్తే మనిషి సెట్టింగులూ పోయి సౌండూ రాదు. కాబట్టి కడప గారి పాయింట్‌కి నా ఓటు, కాకపోతే మొదటి ప్రశ్న "వీడియో పెడితే వినపడుతోందా" కావాలి, రెండోది "ఐకాన్ అసలు లేదా, ఉండి అడ్డగీత ఉందా".

ఫోన్_సపోర్ట్:
సరే, తెలియనివాళ్ళకి మొదటి జవాబుగా రీసెట్ వద్దన్నదానికి ఒప్పుకుంటున్నా. కానీ దూరం నుంచి చూసుకునేవాళ్ళకి రీసెట్ కంటే మంచిది ఇంకోటుంది, ఎవరూ చెప్పలేదు. జుబుంటులో (ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే ఉబుంటు) ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ అని బటన్ ఉంటుంది, ప్యానెల్ ప్రొఫైల్స్ అనే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, బాగున్న రోజు ఒకసారి సేవ్ చేసి పెట్టుకుంటే లాంచర్లతో సహా తిరిగి వస్తాయి. మింట్‌లో లేకపోతే ప్యాకేజీ వేసుకోవచ్చు. దసరాకి ఊరెళ్ళినప్పుడు నాన్న మెషిన్‌లో అది పెట్టేస్తా, రీసెట్ స్క్రిప్ట్ తీసేస్తా.

కొత్త_ప్లాస్మా:
నాది కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ కాదు, వేరే డెస్క్‌టాప్, పై స్టెప్పులు నాకు కుదరట్లా, రైట్ క్లిక్‌లో పల్స్ అని ఏదీ లేదు. సౌండ్ వస్తోంది, ఐకాన్ మాత్రం లేదు. నెట్‌వర్క్ గుర్తు ఉంది.

కడప_మింట్:
@కొత్త_ప్లాస్మా ట్రే పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కి చూడండి, లోపల దాక్కుని ఉండొచ్చు. అక్కడా లేకపోతే ఆ బాణం మీద రైట్ క్లిక్ చేసి కాన్ఫిగర్ సిస్టమ్ ట్రే, అందులో ఎంట్రీస్, ఆడియో వాల్యూమ్ అనే వరుసలో డిసేబుల్డ్ అనో ఆల్వేస్ హిడెన్ అనో ఉంటే ఆల్వేస్ షోన్ చేసి అప్లై కొట్టండి. ఆ వరుసే లేకపోతే ప్లాస్మా పీఏ ప్యాకేజీ పోయినట్టు, అది వేసి ఒకసారి లాగౌట్ అయి రండి. ఏమైందో ఇక్కడే రాయండి, అప్పటిదాకా కాన్ఫిగ్ ఫోల్డర్‌లో దేన్నీ డిలీట్ చెయ్యకండి.