సమస్య: ముట్టకుండ ముద్దు పెట్టె నతఁడు

మొన్న ఆదివారం అమ్మతో కలిసి 1957 నాటి ‘మాయాబజార్’ మళ్లీ చూశాను. పడవ పాటలో మార్కస్ బార్‌ట్లే కెమెరా వెన్నెల కురిపిస్తుంటే, చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. మూడు గంటల సినిమాలో ముద్దు ఒక్కటీ లేదు! సమస్య అక్కడే పుట్టింది. మిగతా మూడు పాదాలు పాత సినిమాల సరసం మీదే పూరించాలి. ఇది ఆటవెలది చివరి పాదం. యతి లేదని నాకు ఫోన్లు చేయకండి, ‘ముట్ట–పెట్టె’ ప్రాసయతి, యతి బదులు రెండో అక్షరాలు కలిశాయి.
– నిర్వాహకుడు, నల్లగొండ

మిర్యాలగూడ మాస్టారు:

పెట్టె తెఱచి చూడ ప్రియుడగు పార్థుని
కొడుకు నవ్వి నిలిచె గోముతోడ
ఇద్ద రొక్క పాట నేకమై పాడంగ
ముట్టకుండ ముద్దు పెట్టె నతఁడు

నిర్వాహకుడు: ‘మాయాబజార్’లో తెరిస్తే ప్రియమైనవాళ్లు కనిపించే ప్రియదర్శిని పేటికను భలే పట్టుకొచ్చారు సార్. శశిరేఖ ఇక్కడ, అభిమన్యుడు పెట్టెలో, ఇక ముట్టేదెలా! ‘గోముతోడ’ తర్వాత అచ్చు వద్దు. ‘నిద్ద రొక్క’ అంటే సంధి కుదురుతుంది, యతీ చెడదు.

అచ్చంపేట తమ్ముడు: నాది ఒక్క పాదమే వచ్చింది. ‘గాలిలోన ముద్దు గబుక్కున విసిరె’.

మాస్టారు: ‘గబుక్కు’ లఘువు-గురువు-లఘువు, అంటే జగణం నాయనా, ఇంద్రగణాల్లో చెల్లదు. ‘గబగబ విసరగా’ అను. సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను చూపించారు. మిగతా రెండు పాదాలు రాస్తే 355వ వాడివి నువ్వే.

దేవరకొండ అక్క:

పూలు రెండు తాకె బొమ్మలో, జంటను
చెట్టు దాచె, తెరయె సిగ్గుపడియె;
నేల జనము గోల నింగిని ముట్టగ
ముట్టకుండ ముద్దు పెట్టె నతఁడు

మాస్టారు: పూల ముచ్చట అందరికీ తట్టేదే. కానీ తెరకు సిగ్గు రావడం, ‘ముట్టగ’ వెంటనే ‘ముట్టకుండ’ పడటం... అమ్మా, నేలటికెట్టు ఈలలు చెవిలో వినిపించాయి.

వనపర్తి అన్న:

గుడ్డ తెరకు ముందు కుర్రాడు లేవంగ
నీడ పోయి వాలె నెలత బుగ్గ
పైన, వెలుగు దుమ్ము పాలపుంతను పోల
ముట్టకుండ ముద్దు పెట్టె నతఁడు

దేవరకొండ అక్క: అన్నా, టూరింగ్ టాకీసు కళ్లముందు నిలబెట్టారు. ప్రొజెక్టర్ వెలుగులో తేలే దుమ్మును పాలపుంత అనడం నాకు తట్టనందుకు కుళ్లుగా ఉంది. కానీ మీ పాలమూరులో కుర్రాడెక్కడ? ‘కొంటె పోరడు లేవ’ అంటే గణాలూ సరి, యతీ సరి.

వనపర్తి అన్న: మార్చేశానక్కా.

మాస్టారు: పోరడి పక్కన పిల్లను ‘నెలత’ అనడమేమిటయ్యా, కావ్యంలోంచి దారి తప్పి వచ్చినట్టుంది!

వనపర్తి అన్న: ‘నీడ’కు యతి కోసం తెచ్చాను సార్, క్షమించాలి.

నిర్వాహకుడు: ఈసారికి నా ఓటు నీడకే. ఇంతకీ ఆ పోరడెవరన్నా?

వనపర్తి అన్న: నేనే. ముద్దు పూర్తి కాకముందే వెనక నుంచి మా నాయన అంగీ పట్టి కూర్చోబెట్టాడు.