ఒక్కరోజులో నాలుగు వేల్స్ కోటలు: నాన్నగారి మోకాళ్ళతో కుదురుతుందా?

ప్రశ్న (ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ నుంచి):
అందరికీ నమస్కారం. అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చి నెల దాటింది, షాపింగ్ మాల్స్ చూపించి విసిగించేశాను. వచ్చే శనివారం కారేసుకుని ఉత్తర వేల్స్ వెళ్ళి కాన్వీ, బ్యూమారిస్, కర్నార్వన్, హార్లెక్ నాలుగు కోటలూ చూసి రాత్రికి ఇంటికి చేరాలని ప్లాన్. నాన్నగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. అమ్మ శాకాహారి. ఆరేళ్ళ బాబు ఉన్నాడు. ఇదే నా మొదటి లాంగ్ డ్రైవ్. ఏ వరసలో వెళ్ళాలి? టికెట్లు ముందే కొనాలా?

జవాబు (చెస్టర్ పక్క ఊరు):
తమ్ముడూ, నాలుగూ ఒక్కరోజులో వద్దు. మేం చేశాం. హార్లెక్ చేరేసరికి మా పిల్లలు కారు దిగనన్నారు, మా ఆయన టికెట్ కౌంటర్ ముందు కూర్చుండిపోయారు. కర్నార్వన్ నుంచి హార్లెక్‌కి పోర్త్‌మాడాగ్ మీదుగా గంట పడుతుంది, అక్కణ్ణుంచి వారింగ్టన్‌కి కొండల్లో రెండున్నర గంటలు. మే నెలలో కోటలు సాయంత్రం ఐదుకి మూసేస్తారు, అంతకు అరగంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. హార్లెక్ తీసెయ్, ఇంకోరోజు ఉంచుకో.

మిగతా మూటికీ లెక్క ఇది. ఇంట్లో ఎనిమిదింటికి బయల్దేరితే తొమ్మిదిన్నరకి, తలుపులు తీసే వేళకి, కాన్వీలో ఉంటావు. పదకొండున్నరకి అక్కణ్ణుంచి కదులు, బ్యూమారిస్‌కి అరగంట. అక్కడే భోజనం. రెండుంబావుకి బయల్దేరితే మూడు లోపే కర్నార్వన్. తిరుగు ప్రయాణం ఏ55 హైవే మీదుగా గంటా ముప్పావు.

నాన్నగారి సంగతి. కాన్వీలో ఎనిమిది బురుజులు, పైకెక్కాలంటే సన్నటి మెలికల మెట్లు. పట్టుకోడానికి తాడు ఉంటుంది గానీ మెట్లు అరిగిపోయి నున్నగా ఉంటాయి. పైకెక్కమనకు, కిందనే చాలా ఉంది. బ్యూమారిస్ మొత్తం చదును నేల, అక్కడ ఆయన హాయిగా తిరగొచ్చు. కర్నార్వన్‌లో రాజద్వారం దగ్గర 2023లో లిఫ్ట్ పెట్టారు, పై డెక్ దాకా పోతుంది. గోల్కొండ బారాదరి ఎక్కిన మనిషి అయితే ఇదేం లెక్కకాదని అంటారు. అననివ్వు, నువ్వు లిఫ్ట్ వైపే తీసుకెళ్ళు.

జవాబు (కోటల పిచ్చోణ్ణి):
అక్క చెప్పిన వరస బాగుంది. చూసేముందు కథ తెలిస్తే ఆ రాళ్ళు మాట్లాడతాయి, అందుకని రెండు ముక్కలు. 1282 డిసెంబరులో వేల్స్ పాలకుడు లివెలిన్ చనిపోయాక ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఈ ప్రాంతాన్ని తొక్కిపెట్టడానికి కట్టించిన కోటలివి. స్థపతి ఆల్ప్స్ కొండల్లోని సవాయ్ నుంచి వచ్చిన జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. కోటతో పాటు ఊరు చుట్టూ గోడ కట్టి లోపల ఇంగ్లీషువాళ్ళకి ఇళ్ళిచ్చారు, వెల్ష్ వాళ్ళు బయటే. కాన్వీ ఊరి గోడ 1.3 కిలోమీటర్లు, 21 బురుజులు, ఇప్పటికీ పైన నడవొచ్చు, టికెట్ లేదు. గాలి గట్టిగా ఉంటే బాబు చెయ్యి వదలకండి.

1294లో వెల్ష్ వాళ్ళు తిరగబడి కర్నార్వన్‌ని పట్టుకున్నారు. ఆ చలికాలం ఎడ్వర్డ్ కాన్వీలోనే చిక్కుకుపోయాడు. ఆ కోపంలోంచి పుట్టిందే 1295లో మొదలైన బ్యూమారిస్. జేమ్స్ రాజుగారి ఖజానాకి రాసిన ఉత్తరంలో 400 మంది శిల్పులు, 2000 మంది కూలీలు, 200 మంది రాయి కొట్టేవాళ్ళు పని చేస్తున్నారు, జీతాలకి డబ్బు పంపండి అని ఉంది. డబ్బు స్కాట్లాండ్ యుద్ధాలకి పోయింది. బురుజులు సగంలో ఆగిపోయాయి. గోడలో గోడ, దాని చుట్టూ నీటి కందకం, ఇంత పద్ధతిగా గీసిన కోట బ్రిటన్‌లో లేదంటారు, అదే పూర్తి కాలేదు. నాకు మాత్రం ఆ మొండి బురుజులే ఇష్టం.

కాన్వీలో చర్చి కనపడగానే బాబుకి ఇంకో కథ చెప్పండి. 1401 గుడ్ ఫ్రైడే రోజు కాపలావాళ్ళు ప్రార్థనకెళ్ళినప్పుడు వడ్రంగుల వేషంలో ట్యూడర్ అన్నదమ్ముల (వెల్ష్ తిరుగుబాటుదారులు) మనుషులు లోపలికి దూరి కోట పట్టేశారట.

జవాబు (రోడ్డు సంగతులు):
కారు విషయం నేను చెప్తా. ఇంగ్లండ్‌లో వీధి దీపాలున్నచోట బోర్డు లేకపోతే వేగం గంటకి 30 మైళ్ళు దాటకూడదు. వేల్స్‌లో 2023 సెప్టెంబరు నుంచి అదే 20. సరిహద్దు దాటాక చాలామంది ఇక్కడే దొరికిపోతారు, నేనూ దొరికాను. రోడ్డు మీద తెల్ల అక్షరాలతో ఇంగ్లీషు 'స్లో' పక్కనే 'ఆరవ్' కనపడుతుంది, అర్థం నిదానమే. 'కస్టెల్' అంటే కోట, 'టోయ్‌లెదాయ్' అంటే మీరనుకున్నదే.

పార్కింగ్ కాన్వీలో గోడ బయట పెట్టుకోండి, లోపలి వీధులు ఇరుకు. కర్నార్వన్‌లో కోట పాదాల దగ్గరే స్లేట్ కీ అనే రేవు పార్కింగ్ ఉంది, నాన్నగారికి నడక తగ్గుతుంది. పార్కింగ్‌కి చిల్లర నాణేలు పెట్టుకోండి, ఫోన్‌తో కడదామంటే కొండల పక్కన ఫోన్ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మోటుగా ఉండే బూట్లు, గాలికి తట్టుకునే కోటు, మే నెలైనా సరే.

జవాబు (చెస్టర్ పక్క ఊరు):
టికెట్ మర్చిపోయాను. ఈ కోటలన్నీ చూసుకునేది 'కాడూ' సంస్థ. ఇంగ్లండ్‌లో ఇలాంటి సంస్థే ఇంగ్లీష్ హెరిటేజ్, దాని సభ్యత్వం ఉంటే మొదటి ఏడాది టికెట్ సగం ధర, రెన్యూ చేశాక ఉచితం. లేకపోతే మూడు టికెట్ల ఖర్చు, కాడూ ఏడాది సభ్యత్వం ధర పక్కపక్కన పెట్టి చూసుకో, హార్లెక్ ఎలాగూ ఇంకోసారి వెళ్తావుగా.

అమ్మగారికి తిండి: పులిహోర డబ్బా తీసుకెళ్ళు, అంతకు మించింది లేదు. కేఫ్‌లో వెల్ష్ రేర్‌బిట్ అని చీజ్ పూసిన రొట్టె ఉంటుంది, శాకాహారమనుకుంటాం. అందులో తరచూ బీరు, వూస్టర్ సాస్ పడతాయి, ఆ సాస్‌లో చేప ఉంటుంది. అడిగే తినమను.

ప్రశ్న అడిగినవారు:
చాలా చాలా థాంక్స్ అక్కా, అన్నలూ. ఆ పొడవాటి పేరున్న స్టేషన్ కూడా దారిలోనే ఉందటగా?

జవాబు (కోటల పిచ్చోణ్ణి):
అవును, 'లాన్‌ఫెయిర్‌పూల్' అని మొదలయ్యే స్టేషన్, బ్యూమారిస్ నుంచి ఆ దీవి దాటించే బ్రిటానియా వంతెనకి వచ్చే దారి పక్కనే. పేరులో 58 అక్షరాలు. బోర్డు దగ్గర ఫోటో తీసుకుని పది నిమిషాల్లో కదలండి, లేకపోతే కర్నార్వన్‌లో లిఫ్ట్ ఎక్కే టైము పోతుంది.

ప్రశ్న అడిగినవారు (ఆదివారం రాత్రి):
వెళ్ళొచ్చాం. కాన్వీలో నాన్నగారు కిందే ఉంటానన్నారు, మేం పైనుంచి చూసేసరికి రెండో బురుజు మెట్ల దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డారు. సగం ఎక్కి దిగొచ్చారట. బ్యూమారిస్‌లో కందకం పక్కన గంట కూర్చున్నారు, లేవమంటే లేవలేదు. రేవు దగ్గర సీగల్ పక్షి వచ్చి బాబు చేతిలోంచి చిప్స్ లాక్కుపోయింది. అమ్మ పులిహోర డబ్బాకి మూత పెట్టేసి, దీన్ని మన విజయవాడ కోతుల్లో కలపొచ్చు అంది. కర్నార్వన్ ప్రాంగణంలో 1969లో చార్లెస్‌కి వేల్స్ యువరాజుగా పట్టం కట్టిన పలక రాతి వేదిక మీద బాబు నిలబడి నాన్నగారిని రాజు చేశాడు.

ఒకటే సందేహం మిగిలింది: హార్లెక్ కొండ కింద నుంచి పైకి 108 మెట్లట. పైనుంచి వంతెన మీదుగా వెళ్తే అవి తప్పుతాయా?

జవాబు (చెస్టర్ పక్క ఊరు):
తప్పుతాయి. 2015లో కట్టిన కాలివంతెన నేరుగా ద్వారం దగ్గరికి చేరుస్తుంది. కారు పై ఊళ్ళో పెట్టుకో, కింద స్టేషన్ దగ్గర కాదు.