‘నొక్క’లో యతి న మీదనా, ఒ మీదనా?

(మాట్లాడేవాళ్లను వాళ్ల ఊరి పేర్లతో పిలుస్తున్నాం.)

ప్రొద్దుటూరు: వేమన పాదం ఒకటి రెండు రకాలుగా నోట్లో నానుతాంది. ‘ఉప్పు కప్పురంబు నొక్కపోలికనుండు’నా, ‘కప్పురంబు ఒక్క పోలిక’నా? ఊరికే అడగడం లేదు. పిల్లల కోసం పద్యాన్ని ఎస్‌వీజీలో (వెబ్ పేజీలో బొమ్మలు గీసే ఫార్మాటు) పెట్టి, పాదాన్ని తాకితే గురులఘువులు, యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన అక్షరం) కనపడేలా స్క్రిప్టు రాస్తాండాం. యతి స్థానం 16 అని తేలింది. అక్కడినుంచి ఒక్క అక్షరం తీసి టీస్పాన్‌లో (వాక్యంలో ఒక ముక్కకు వేరే రంగు ఇచ్చే ట్యాగు) చుట్టి ఎరుపు వేస్తే ‘న’ ఒకపక్క, ఒత్వం ఒకపక్క పడి మధ్యలో చుక్కల సున్న వస్తాంది.

తాడిపత్రి: ముందు పాఠం సంగతి. ‘నొక్క’నే సరి. కప్పురంబును + ఒక్క, ఉకారసంధి. ఆ ‘ను’ సముచ్చయం, ఉప్పునూ కప్పురాన్నీ ఒక జట్టు చేసేది అదే. ‘ఒక్క’ అని పెట్టినా గణం చెడదు, నొక్కపో అన్నా ఒక్కపో అన్నా రగణమే. కానీ పాదం నడుమ అచ్చు తేలిపోయి చెవికి గుచ్చుకుంటుంది.

కదిరి: సముచ్చయమే అయితే ‘ఉప్పును’ అని మొదట కూడా ఉండాల కదన్నా? నాకు తోచేది వేరు. వేమన నోటి కవి. పాడేటప్పుడు రెండు అచ్చుల నడుమ న్ దానంతటదే దూరుతుంది. అర్థం తర్వాత పుట్టింది.

తాడిపత్రి: ‘రాముడు, లక్ష్మణుడును’ అంటాం. చివరిదానికి ఒక్క ‘ను’ చాలు.

ఆదోని: స్క్రిప్టు సంగతి చెప్తా. 16 అనేది మన అక్షరాల లెక్క కాదు, యూటీఎఫ్-16 (కంప్యూటరు అక్షరాలను దాచుకునే పద్ధతి) ముక్కల లెక్క, అదీ సున్నా నుంచి. ఈ పాదంలో మనకు 13 అక్షరాలు. ముక్కలు లెక్కపెట్టే గెట్‌నంబర్‌ఆఫ్‌చార్స్ ఫంక్షన్ మాత్రం, ఖాళీలతో కలిపి, 31 అంటుంది. ‘ప్పు’ ఒక్కటే నాలుగు ముక్కలు: ప, పొల్లు, ప, కొమ్ము. ‘నొ’ రెండు, 16లో న, 17లో ఒత్వం. మీరు 16 ఒక్కటే కోశారు, అందుకే చుక్కల సున్న. 16, 17 రెండూ ఒకే టీస్పాన్‌లో ఉండాల.

అక్షరాలు విడగొట్టే పని బ్రౌజర్‌లోనే ఉండే ఇంటల్ సెగ్మెంటర్‌కు అప్పజెప్పొచ్చు. కానీ తెలుగు ఒత్తులను విడదీయకూడదన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో 15.1తోనే వచ్చింది. పాత బ్రౌజర్ ‘క్క’ను క్, క అని రెండు చేస్తుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే కలిపేసే చిన్న ఫంక్షన్ సొంతంగా రాసుకోవడమే మేలు.

గుర్తులు పెట్టడానికి పద్యాన్ని కోయనే వద్దు. గెట్‌స్టార్ట్‌పొజిషన్‌ఆఫ్‌చార్, గెట్‌ఎండ్‌పొజిషన్‌ఆఫ్‌చార్ రెండింటి ఎక్స్ విలువలకు సగటు తీస్తే అక్షరం నడిబొడ్డు. గుర్తు పైన పెట్టండి, కింద ఒత్తులకు తగులుతుంది. ఫాంటు దిగకముందే కొలిస్తే అన్నీ పక్కకు జరుగుతాయి, డాక్యుమెంట్.ఫాంట్స్.రెడీ అయ్యాకనే కొలవండి.

ప్రొద్దుటూరు: కొలతలు కుదిరినాయి సార్. గుర్తులు మాత్రం తెరమీద కనపడవు. ఎలిమెంటు పేజీ నిర్మాణపు చెట్టులో (డామ్) ఉంది, బొమ్మలో లేదు.

ఆదోని: క్రియేట్‌ఎలిమెంట్ వాడుంటారు. ఎస్‌వీజీకి క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్ఎస్ వాడి, ఎస్‌వీజీ నేమ్‌స్పేస్ ఇవ్వాల్సిందే. లేకపోతే అది పేరుకు టెక్స్టే గానీ బ్రౌజర్ గీయదు. క్లాస్‌నేమ్‌కు నేరుగా విలువ వేసినా పనిచేయదు, క్లాస్‌లిస్ట్ వాడండి. ఫైలును ఐఎంజీ ట్యాగుతో పెడితే లోపలి స్క్రిప్టు నడవనే నడవదు. పేజీలోనే అతికించండి, లేదా ఆబ్జెక్టుతో పెట్టి లోడ్ అయ్యాక కంటెంట్‌డాక్యుమెంట్‌లోకి పోండి.

తాడిపత్రి: అన్నీ సరే, ‘నొ’ మొత్తం ఎర్రగా చేస్తే పిల్లలకు తప్పు నేర్పినట్లే. ఉ-కు మైత్రి ఒ-తోనే, న-తో కాదు. ఇది స్వరప్రధానయతి, అంటే సంధిలో కలిసిన అచ్చుకే యతి. న నల్లగా, ఒ ఎర్రగా ఉండాల.

ఆదోని: ఒకే గ్లిఫ్‌లో సగానికి రంగు నమ్మకంగా పడదప్పా. న మీద ఒత్వానికి బదులు, 16వ ముక్క ఎక్స్ విలువ తీసుకొని పైన చిన్న ‘ఒ’ ఎర్రగా వేరే టెక్స్టుగా నిలపండి. దానికి పాయింటర్-ఈవెంట్స్ నన్ అని పెట్టకపోతే, కింది అక్షరం మీద పడాల్సిన తాకుడు అది మింగేస్తుంది.

కదిరి: న తీసేసి ‘ఒక్క’ అని వేస్తే ఈ తిప్పలే లేవు. 16లో ఒ, ఒకే ముక్క.

తాడిపత్రి: స్క్రిప్టు సౌకర్యానికి పాఠం మారుస్తామా? 1829లో బ్రౌన్ దొర వేమనను అచ్చేయించినప్పటినుంచి పాఠాల తగువు ఉండనే ఉంది, మనం ఇంకోటి చేర్చొద్దు.

కదిరి: పాఠాల తగువంటే ‘విశ్వదాభిరామ...’ మకుటమే చూడండి. ‘వినుర’నా, ‘వినర’నా? రెండూ నగణమే, యతి రెండింట్లోనూ వి. ఛందస్సు తీర్పు చెప్పదు. వేమన సమాధి ఉన్న కటారుపల్లె పక్కన మేం ‘వినర’ అనే అంటాం.

తాడిపత్రి: ‘విను’ ధాతువు ఎదురుగా ఉంటే ఉకారం ఎందుకు పోగొట్టాల?

కదిరి: ‘కనరా’లో ఉకారం ఎక్కడుందన్నా?

ప్రొద్దుటూరు: చిన్న ‘ఒ’ కుదిరింది. మకుటం పాదానికి ఇప్పుడు ఏది టైపు చేయమంటారు?