బైపాస్ మానేసి కొత్త రక్తనాళాలు పెంచుకోవచ్చా?

హాలియా_రైతుబిడ్డ: మా నాయినకు 62 ఏళ్లు. గుండెపోటు వచ్చి నెల దాటింది. మూడు బ్లాకులున్నాయి, బైపాస్ చేయించమన్నారు. ఇంకోచోట ఈఈసీపీ అని, కాళ్లకు పట్టీలు కట్టి గాలి నింపే మెషీన్ మీద రోజుకో గంట, 35 సిట్టింగులు పడుకుంటే కొత్త నాళాలు పెరుగుతాయి, కోత అక్కర్లేదన్నారు. ఏది నమ్మాలి?

దేవరకొండ_శ్రీను: తొందరపడకు తమ్మీ. నాళం మెల్లగా పూడుకుపోతుంటే పక్కనున్న సన్న నాళాలే పెద్దవై రక్తం అందిస్తాయి. డాక్టర్లే ఒప్పుకునే మాట ఇది. నాళాలను మొలిపించే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను గుండెకు ఎక్కించి కూడా చూశారు.

మిర్యాలగూడ_ల్యాబ్: చూశారు, ఫలితం కూడా చెప్పండి. ఆ ప్రొటీన్ మీద ‘వివా’ అనే పేరుతో చేసిన పరీక్ష 2003లో అచ్చయింది, అందులో 178 మంది రోగులు. 60 రోజులకు ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే ఉత్తుత్తి మందు ఎక్కించుకున్నవాళ్లు కూడా అంతే మెరుగయ్యారు. పైగా గుండెపోటులో చచ్చిపోయిన కండ మచ్చ కడుతుంది. దానికి ఎన్ని నాళాలు మొలిచినా తిరిగి కొట్టుకోదు. రక్తం చాలక నీరసించి, ఇంకా బతికున్న కండకే లాభం.

దేవరకొండ_శ్రీను: 60 రోజుల దగ్గరే ఎందుకు ఆగారు? అదే పరీక్షలో 120 రోజులకు ఎక్కువ డోసు వాళ్లకు ఛాతీనొప్పి తగ్గింది.

మిర్యాలగూడ_ల్యాబ్: నొప్పి తగ్గింది, నడకలో గట్టి తేడా తేలలేదు. వాళ్లంతా స్టెంటుకు, బైపాస్‌కు పనికిరారని తేలినవాళ్లు. ఈయన నాయినకు బైపాస్ కుదురుతుంది.

దేవరకొండ_శ్రీను: 120 రోజులకు తగ్గిందా లేదా? అది చెప్పండి.

సూర్యాపేట_లక్ష్మి: ఆయన అడిగింది మెషీన్ గురించి. మీరు 60, 120 అని కొట్టుకుంటున్నారు.

మిర్యాలగూడ_ల్యాబ్: మెషీన్ మీద 1999లో 139 మందితో పరీక్ష జరిగింది. ఛాతీనొప్పులు తగ్గాయి, ఎంతసేపు నడవగలరనే దాంట్లో తేడా తేలలేదు. మందులకు లొంగని, ఆపరేషన్ కుదరని నొప్పికి వాడతారు. అయోర్టా వాల్వు, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం పోయే చోటి కవాటం, బాగా లీకవుతుంటే పెట్టకూడదు. మా మేనమామ బైపాస్ వద్దని దాని మీదే పడుకున్నాడు. నొప్పి పోయిందని మందులు కూడా ఆపేశాడు. పొలం గట్టు మీదే కూలిపోయాడు. ‘సహజ బైపాస్’ అని బోర్డు కట్టినవాళ్లను ఎవరడిగారు?

దేవరకొండ_శ్రీను: మా అన్నను ఎవరడిగారు? రాత్రి నొప్పి వస్తే హైదరాబాద్ చేరేసరికి తెల్లారింది. కాగితాలు ముందు పెట్టి ‘ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం’ అన్నారు. ఏం చేయబోతున్నారో మా వదినకు ఒక్కరు చెప్పలేదు. బర్రెలు అమ్మి డబ్బు కట్టినం, శవాన్ని తెచ్చుకున్నం. కోత వద్దనే హక్కు మనిషికి ఉండాలె.

మిర్యాలగూడ_ల్యాబ్: వద్దనే హక్కు ఉండాలి, కాదనను. కానీ లేని మందును చూపించి వద్దనిపించడం హక్కు కాదు. భయపడ్డోడికి మెషీన్ అమ్ముతున్నారు.

దేవరకొండ_శ్రీను: భయం ఎవరు పెట్టారు? నిమ్మళంగా కూర్చోబెట్టి చెబితే మెషీన్ దాకా ఎందుకు పోతారు?

జడ్చర్ల_నర్సమ్మ: చెప్పే టైమ్ ఉంటుంది సార్, పోటు వచ్చిన గంటల్లో ఉండదు. అప్పుడు నాళం తెరవడమే పని, ఆలస్యమైనకొద్దీ కండ చస్తూనే ఉంటుంది. ఈయనకు నెల దాటింది, అడగడానికి టైమ్ ఉంది.

సూర్యాపేట_లక్ష్మి: తమ్ముడూ, యాంజియోగ్రామ్ సీడీ, ఎకో రిపోర్టు పట్టుకుని నిమ్స్‌లో రెండో మాట అడుగు. ఎంత కండ బతికుందో, వాల్వు ఎలా ఉందో చెప్పించుకో. బైపాస్ ఆరోగ్యశ్రీలో ఉంది, కార్డు తీసుకుపో. అప్పటిదాకా ఏ మందూ ఆపనివ్వకు.

హాలియా_రైతుబిడ్డ: సీడీ నా దగ్గరే ఉందక్కా. సోమవారం పోతున్నాం. నాయిన మాత్రం కోత అంటే ససేమిరా అంటున్నడు.

దేవరకొండ_శ్రీను: ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి నువ్వొక్కడివే లోపలికి పోకు. డాక్టర్ చెప్పేది ఆయనకే చెప్పమను.